టెక్ సందేహాలు: శాంతిగా ఆడేవాడికి షీల్డ్ ఎవరివ్వాలి?

ప్రశ్న: దేశాలను పాలించే స్ట్రాటజీ గేమ్ ఆడుతున్నాను. ఎవరి జోలికీ వెళ్లను, నగరాలు కట్టుకుని వ్యాపారం చేసుకుంటాను. రాత్రి పడుకుని లేచేసరికి ఎవరో ఒకరు దాడి చేసి ఖజానా ఊడ్చేస్తున్నారు. మనం నిద్రపోయే వేళకు షీల్డ్ (కొంతసేపు దాడులు పడకుండా ఆపే రక్షణ) దానంతటదే ఆన్ చేసే యాప్ ఉందంటూ మా అలయన్స్ (ఆటగాళ్ల కూటమి) గ్రూపులో ఏపీకే (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైల్) పెట్టారు. వేసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థి, కరీంనగర్

వద్దు. గేమ్ పేరు మారుతుందంతే, ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది.

మీ బదులు స్క్రీన్ మీద బటన్ నొక్కాలంటే ఆ యాప్‌కు యాక్సెసిబిలిటీ పర్మిషన్ కావాలి. అది చూపు సరిగా లేనివాళ్లు, చేతులు ఆడనివాళ్లు ఫోన్ వాడుకోవడానికి పెట్టిన సదుపాయం. ఒకసారి ఇచ్చారంటే ఆ యాప్ స్క్రీన్ మీది అక్షరాలు చదవగలదు, మీ తరఫున ఎక్కడైనా నొక్కగలదు. గేమ్‌లో షీల్డ్ నొక్కగలిగింది, ఓటీపీ చదవలేదా? దొంగ చేతికి తాళాలివ్వడమే ఇది. ఆండ్రాయిడ్ 13 నుంచి బయట దించుకున్న ఏపీకేలకు ఈ పర్మిషన్ తేలిగ్గా దొరకదు. అందుకే గ్రూపులో యాప్‌తో పాటు చిట్కా కూడా వస్తుంది: ‘యాప్ ఇన్ఫోలోకి వెళ్లి, పైన మూడు చుక్కలు నొక్కి, అలౌ రెస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్ ఇవ్వండి’ అని. ఫోన్ అడ్డంగా పెట్టిన గోడను మన చేతే కూల్పిస్తున్నారన్నమాట. ఆ చిట్కా కనిపించిందంటే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే వేసుకున్నవాళ్లు ముందు యాక్సెసిబిలిటీ ఆపి, తర్వాత యాప్ తీసేయండి. ఆపనివ్వకుండా స్క్రీన్ వెనక్కి పోతుంటే ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా) తెరిచి తీయాలి. పాస్‌వర్డ్‌లు వేరే ఫోన్ నుంచి మార్చండి. డబ్బు పోయిందని అనుమానమొస్తే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తెల్లారేదాకా ఆగొద్దు.

కుర్రాడిని తిట్టి ఊరుకుందామంటే మనసొప్పడం లేదు. అతణ్ని ఆ ఏపీకే దాకా తోసింది గేమ్ రూలే. ‘యుద్ధం గేమ్‌లోకి వచ్చి శాంతి కావాలంటే ఎలా’ అని రైడర్లు, అంటే ఇతరుల మీద పడి దోచుకునే ఆటగాళ్లు, వెక్కిరిస్తారు. 2002లో మొదలైన నేషన్‌స్టేట్స్ అనే గేమ్‌లో అసలు సైనిక యుద్ధమే లేదు. అయినా దాడులు ఆగలేదు. రైడర్లు గుంపుగా ఒక రీజియన్‌లోకి (కొన్ని దేశాలు కలిసి ఉండే ప్రాంతం) వచ్చి, ఒకరికొకరు మద్దతు ఓట్లు వేసుకుని డెలిగేట్ (ఆ ప్రాంత ప్రతినిధి) పదవి లాక్కుంటారు. అక్కడివాళ్లకున్న రక్షణల్లో రీజియన్‌కు పాస్‌వర్డ్ పెట్టుకోవడం ఒకటి. 2006లో వచ్చిన సైబర్ నేషన్స్‌లో పీస్ మోడ్ ఉంది: అందులో ఉన్నంతకాలం మీరు దాడి చేయలేరు, మీ మీదా చేయలేరు. అదే గేమ్‌లో గ్రీన్ ప్రొటెక్షన్ ఏజెన్సీ అనే అలయన్స్ ఎవరి పక్షమూ వహించకుండా పెద్దదైంది. చివరికి దాని మీదా పడ్డారు. తటస్థంగా ఉంటామన్న మాట ఒక్కటే కాపాడదు, రూల్ కాపాడాలి.

రైడర్ల ఫిర్యాదులో ఒక్కటి మాత్రం నిజం. కొందరు శాంతి ముసుగులో కూర్చుని, యుద్ధం చేసే స్నేహితులకు డబ్బు, సరుకు పంపిస్తుంటారు. అందుకని శాంతిని ఎత్తేయనక్కర్లేదు. పీస్ మోడ్‌లో ఉన్న దేశం యుద్ధంలో ఉన్న దేశానికి సాయం పంపకూడదు, బయటికొచ్చిన వెంటనే దాడి చేయకూడదు, ఆదాయంలో కొంత కోత భరించాలి. ఈ మూడూ పెడితే నాకు అభ్యంతరం లేదు. నాకు ఒళ్లు మండేది వేరే చోట. కొన్ని మొబైల్ గేమ్‌లు ఒక చేత్తో దాడికి పనికొచ్చే ప్యాక్, ఇంకో చేత్తో షీల్డ్ అమ్ముతాయి. షీల్డ్ అయిపోయేది అర్ధరాత్రి, ‘మీపై దాడి’ అన్న నోటిఫికేషన్ తెల్లవారుజామున, దాని కిందే కొనమని బటన్. ఆటగాడి నిద్ర మీద వ్యాపారమిది. రోజుకు ఎనిమిది గంటలు, ఎవరికి వాళ్లు ఎంచుకున్న వేళలో, ఉచితంగా రక్షణ ఇస్తే ఏ సర్వరూ కూలిపోదు.

ప్రశ్న: పరీక్షలున్నాయని మా అబ్బాయి తన గేమ్ పాస్‌వర్డ్ అలయన్స్ లీడర్‌కిచ్చాడు. ప్రమాదమా?
– ఒక తల్లి, విజయవాడ

ప్రమాదమేనమ్మా, ముఖ్యంగా మెయిల్‌కూ అదే పాస్‌వర్డ్ ఉంటే. ముందు మెయిల్‌ది, తర్వాత గేమ్‌ది మార్పించి, అన్ని డివైస్‌ల నుంచీ లాగౌట్ చేయించండి. చాలా గేమ్‌లలో పాస్‌వర్డ్ పంచుకుంటే అకౌంటే తీసేయొచ్చు. ట్రావియన్ లాంటి గేమ్‌లో ‘సిట్టర్’ సదుపాయముంది: పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మీ అకౌంట్‌ను ఇంకొకరు చూసుకోవచ్చు, వాళ్లు ఏం చేయొచ్చో ఏం చేయకూడదో కూడా మనమే పెట్టొచ్చు. మీవాడి గేమ్‌లో అలాంటిదో, వెకేషన్ మోడో (ఆడలేని రోజుల్లో అకౌంట్‌ను పక్కన పెట్టే సదుపాయం) ఉందేమో సెట్టింగ్స్‌లో చూడమనండి. రెండూ లేకపోతే పరీక్షలయ్యేదాకా ఆ దేశాన్ని దోచుకోనివ్వండి.