గాజులు బ్యాంకులో పెట్టే ముందు, వాడు కట్ చేసిన వీడియో ఒకటి చూడండి

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక తల్లి రాశారు. కొడుకు భీమవరంలో బీకాం కంప్యూటర్స్ రెండో ఏడు చదువుతున్నాడు. వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానని, దానికి 1.10 లక్షల గేమింగ్ ల్యాప్‌టాప్ కావాలని పట్టుబట్టాడట. రొయ్యల రేటు పడిపోయి చేతిలో డబ్బు ఆడటం లేదు, 50 వేల దాకా సర్దగలం, మిగతాదానికి గాజులు బ్యాంకులో పెట్టమంటారా అని అడిగారు. కొత్త ల్యాప్‌టాప్, సెకండ్ హ్యాండ్‌ది, డెస్క్‌టాప్, ఈ మూడింట్లో ఏది మేలో పోల్చి చెప్పమన్నారు. ఉత్తరం చివర ఇలా ఉంది: "కొనిస్తే బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలని షరతు పెట్టాను. మా బావగారి అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లో సెటిలయ్యాడు, వీడేమో పెళ్లి వీడియోలంటున్నాడు."

అమ్మా, గాజులు బీరువాలోనే ఉంచండి. మీ అబ్బాయి ఇప్పుడు చేయగలిగిన పనికి 50 వేల లోపు మెషీన్ చాలు. లక్ష దాటినది కావాల్సిన రోజు వస్తే, ఆ పని మీద వచ్చే డబ్బుతో వాడే కొనుక్కుంటాడు. అలా రాకపోతే, అప్పు చేసి కొననందుకు మీరు సంతోషిస్తారు.

ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదు. అమలాపురం నుంచి వస్తే అందులో కొబ్బరి రేటు ఉంటుంది, భీమవరం వైపు నుంచి వస్తే చెరువులుంటాయి, మిగతాదంతా ఒకటే. ల్యాప్‌టాప్ అని రాస్తారు గానీ, నలుగురిలో "మీవాడేం చేస్తున్నాడండీ" అంటే ఏం చెప్పాలి, రేపు పిల్లనెవరిస్తారు అన్నదే అసలు బెంగ. కాస్త స్థిమితపడండి. డిగ్రీ మానేస్తానని మీ అబ్బాయి అన్నట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. చదువుకుంటూ సాయంత్రాలు ఒక పని నేర్చుకుంటానంటున్నాడు, అంతే కదా. పుణెలోని కేంద్ర ప్రభుత్వ సినిమా విద్యాసంస్థ ఎఫ్‌టీఐఐలో ఎడిటింగ్ కోర్సుకు వెళ్లాలన్నా ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాలి, అది బీకాం అయినా సరే. ఎడిటింగ్ కుదరకపోతే అదే డిగ్రీతో మీరు కోరుకున్న బ్యాంకు పరీక్షలూ రాయొచ్చు. ఏ దారీ మూసుకుపోలేదు.

ఇక మీ షరతు. కోప్పడతానేమో అనుకోకండి, కోప్పడుతున్నాను. కొనిస్తే కోచింగ్‌లో చేరాలి అనడం బేరం. ఇలాంటి బేరంతో చేరిన పిల్లలు ఫీజు కట్టించుకుని వెనక బెంచీలో కూర్చుని ఫోన్‌లో రీల్స్ కట్ చేసుకుంటారు. మీ డబ్బు రెండు చోట్లా పోతుంది, పైగా వాడికి బ్యాంకు ఉద్యోగమంటే శిక్ష అనే భావం పడిపోతుంది. బావగారి అబ్బాయి సంగతి కూడా అంతే. భోజనాల దగ్గర ఆ పేరు ఎత్తిన ప్రతిసారీ మీవాడు అడిగే ల్యాప్‌టాప్ ధర ఒక మెట్టు పెరుగుతుంది, ఎందుకంటే వాడు పని కోసం అడగడం మానేసి పరువు కోసం అడగడం మొదలుపెడతాడు. 1.10 లక్షల అంకె అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. మీరు రెండు పేజీలు రాశారు, అందులో వాడు చేసిన వీడియో ఒక్కటైనా చూశానన్న మాట లేదు. పొద్దస్తమానం ఫోన్ పట్టుకుంటాడని ఉంది గానీ, ఆ ఫోన్‌లో ఏం చేస్తున్నాడో లేదు.

అబ్బాయీ, నువ్వు కూడా ఇది చదువుతావని తెలుసు, కాబట్టి నీ వాటా కూడా చెబుతాను. ఎడిటింగ్ మీద ఇప్పుడున్న మోజు నాకు అంత నమ్మకంగా అనిపించడం లేదు. మన జిల్లాల్లో మొదట నలుగురికి రొయ్యల్లో లాభం రాగానే వరి చేలన్నీ చెరువులైపోయాయి చూడు, రీల్స్ ఎడిటింగ్ ఇప్పుడు ఆ దశలో ఉంది. అందరూ ఒకే టెంప్లేటు, ఒకే జూమ్, ఒకే పసుపు రంగు అక్షరాలు. కట్టింగ్‌లో మొదట నేర్చుకునే పనులున్నాయే, మాట మాటకీ మధ్య ఖాళీలు కోసేయడం, సబ్‌టైటిల్స్ వేయడం, నిలువు ఫ్రేముకు మార్చడం, వీటిని సాఫ్ట్‌వేరే చేసేస్తోంది. ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో 2023 నుంచే మాటల్ని టెక్స్ట్‌గా మార్చి, అందులో ఒక వాక్యం చెరిపేస్తే వీడియోలో ఆ ముక్క దానంతటదే తెగిపోయే సదుపాయం ఉంది. కొత్తవాళ్లకు దొరికే చిన్న పనులు ఇవే, మొదట పోయేవి కూడా ఇవే. ఈ సంగతి చెప్పకుండా "మూడు నెలల్లో మల్టీమీడియా, నూరు శాతం ప్లేస్‌మెంట్" అని బోర్డు పెట్టేవాళ్లకు ఒక్క రూపాయి కట్టకు. ప్లేస్‌మెంట్ ఎక్కడ, జీతం ఎంత, పోయినేడు చేరినవాళ్లలో ఇద్దరి నంబర్లిస్తారా అని అడుగు, వాళ్ల ముఖం చూస్తే తెలిసిపోతుంది.

పెళ్లి వీడియోల పని సంగతి వేరే. ఇక్కడ నిజంగా పనుంది. భీమవరం, అమలాపురం, తణుకు, రావులపాలెం ఎక్కడ చూసినా ముహూర్తాల్లో స్టూడియోలకు ఊపిరాడదు. కానీ ఆషాఢం, భాద్రపదం, పుష్యం వస్తే ముహూర్తాలుండవు, మధ్యలో మౌఢ్యమి వస్తే ఇంకా కష్టం. బ్యాలెన్సు డబ్బు "ఆల్బమ్ తీసుకెళ్లేటప్పుడు ఇస్తాం" అంటారు, ఆల్బమ్ తీసుకెళ్లడానికి మనవడు పుట్టేదాకా రారు. నెల జీతం అలవాటున్న ఇంటికి ఈ లెక్క అర్థం కాదు. మీ ఇంటికి అర్థమవుతుంది, చెరువు లెక్కా ఇలాంటిదే కదమ్మా. ఈ పనిలో నిలబడేది ఎఫెక్టులు ఎక్కువ తెలిసినవాడు కాదు. అప్పగింతల గంటన్నర ఫుటేజీలో, పెళ్లికూతురి నాన్న కండువాతో ముఖం తుడుచుకున్నట్టు నటించి కళ్లు తుడుచుకున్న రెండు సెకన్లుంటాయి. వాటిని పట్టుకుని, మీద పాట తగ్గించి, సన్నాయి వినిపించేవాడు నిలబడతాడు. అది పట్టుకోవడానికి గేమింగ్ ల్యాప్‌టాప్ అక్కర్లేదు, ఓపికగా ఫుటేజీ మొత్తం చూసే గుణం కావాలి.

అందుకని కొనే ముందు అమ్మ అడగాల్సింది ఒకటే. నువ్వు మొదలుపెట్టి పూర్తి చేసిన వీడియోలు చూపించు నాన్నా, అని. ఫోన్ యాప్‌లు కైన్‌మాస్టర్‌లో చేసినా, వీఎన్‌లో చేసినా పర్లేదు. ముక్కలు వరుసగా పేర్చిన టైమ్‌లైన్ తెరిపించి, ఇక్కడ ఎందుకు కోశావు, ఈ షాట్ ముందు ఎందుకు పెట్టావు అని అడగండి. మీకు సాంకేతికం తెలియక్కర్లేదు, వాడి సమాధానంలో ఉత్సాహం ఉందో నీళ్లు నములుతున్నాడో తల్లికి తెలియదా. పూర్తి చేసినవి ఉంటే కొనండి. అన్నీ సగంలో ఆగిపోయి, ప్రీసెట్లూ టెంప్లేట్లూ మాత్రం ఫోన్ నిండా ఉంటే, ఊళ్లో ఒక శ్రీమంతమో పుట్టినరోజో తీసి ఎడిట్ చేసి ఇచ్చాక కొందాం అనండి.

సరే, మెషీన్. పోల్చమన్నారు గాని, మీ పరిస్థితికి పోలిక పెద్దగా లేదు. డెస్క్‌టాప్‌కు అదే డబ్బులో ఎక్కువ బలం వస్తుంది, పాడైతే ఒక్కో ముక్కా మార్చుకోవచ్చు. కానీ వాడు భీమవరంలో ఉంటాడు, మీరు పల్లెలో ఉంటారు, సెలవులకు సీపీయూ బస్సులో మోసుకురాలేడు కదా. పైగా మన దగ్గర కరెంటు సంగతి మీకు తెలిసిందే. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నర్సాపురం పక్కనే తీరం దాటింది. మామూలు గాలివానకే కరెంటు పోయే చోట యూపీఎస్ లేకుండా డెస్క్‌టాప్ పెట్టకూడదు, ఆ ఖర్చు కూడా కలపాలి. ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఆ పని చేసేస్తుంది. కాబట్టి ల్యాప్‌టాపే.

కొత్తదానిలో మొదట చూడాల్సింది ర్యామ్, అంటే పని నడుస్తున్నప్పుడు వాడుకునే మెమరీ. 16 జీబీ ఉండాలి, లేదా 8 జీబీతో వచ్చి ఇంకో స్లాటు ఖాళీగా ఉండాలి. కొన్ని పల్చటి మోడళ్లలో ర్యామ్ బోర్డుకే అతికించేస్తారు, తర్వాత పెంచుకోలేం. షాపువాడిని ఈ ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి. మెమరీ ధరలు ఈమధ్య బాగా పెరిగాయి కాబట్టి, వారం కిందటి రేటు పట్టుకుని వాదించకండి. ప్రాసెసర్ పేరు చివర "యు" ఉంటే బ్యాటరీ ఆదా చేసే రకం, "హెచ్" ఉంటే ఎడిటింగ్‌కు దమ్మున్న రకం. ఇంటెల్ అయితే లోపలే ఉండే గ్రాఫిక్స్‌లో క్విక్ సింక్ అనేది వీడియోను వేగంగా చదువుతుంది. మన వైపు పెళ్లి స్టూడియోల్లో వాడే ఎడియస్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని చక్కగా ఉపయోగించుకుంటుంది. మీవాడు స్టూడియోలో పని నేర్చుకునేట్టయితే ఇది గుర్తుంచుకోవాలి. విడిగా గ్రాఫిక్స్ చిప్, అంటే ఆర్‌టీఎక్స్ 2050 గానీ 3050 గానీ ఈ డబ్బులో దొరికితే మంచిదే, కానీ దానికోసం ర్యామ్ 8 జీబీతో స్లాటు లేనిది తెచ్చుకుంటే పేరుకే గ్రాఫిక్స్.

స్క్రీన్ సంగతి చాలామంది వదిలేస్తారు. చౌక ల్యాప్‌టాపుల్లో 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసుంటుంది, అంటే స్క్రీన్ తక్కువ రంగులే చూపగలదు, అవి వెలవెలబోతాయి. మంగళస్నానంలో పసుపు రాసిన పెళ్లికూతురి ముఖం అందులో పాలిపోయి కనిపిస్తుంది, మనవాడు రంగు పెంచుతాడు, అదే వీడియో ఫోన్‌లో చూస్తే పిల్ల ముఖం నారింజ పండు అయిపోతుంది. 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ, అంటే మామూలు వీడియో రంగులన్నీ చూపించేది దొరికితే తీసుకోండి, లేదంటే రంగులు సరిచేసిన ప్రతిసారీ ఒక మంచి ఫోన్‌లోనో ఇంట్లో టీవీలోనో చూసుకోవడం అలవాటు చేసుకోవాలి.

మొత్తం 50 వేలూ ల్యాప్‌టాప్ మీదే పెట్టకండి. బయటి హార్డ్‌డిస్కుకు, ఒక మాదిరి హెడ్‌ఫోన్స్‌కు కొంత మిగల్చండి. కెమెరాలో సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున తీస్తే గంటకు 45 జీబీ అవుతుంది. రెండు కెమెరాల పెళ్లి ఒక్కటి చాలు, ల్యాప్‌టాప్‌లో 512 జీబీ స్థలం నిండిపోవడానికి.

సెకండ్ హ్యాండ్ అంటే భయపడనక్కర్లేదు. కంపెనీలు వాడి తీసేసిన బిజినెస్ మోడళ్లు, థింక్‌ప్యాడ్, లాటిట్యూడ్ లాంటివి గట్టివి, 50 వేల కంటే చాలా తక్కువలో వస్తాయి. డబ్బు మరీ ఇబ్బందిగా ఉంటే ఇదే మేలు. ఇంటెల్ ఎనిమిదో తరం కంటే పాతది వద్దు, దానికి విండోస్ 11 అధికారికంగా రాదు, విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్టు తీయొచ్చు, అందులో డిజైన్ కెపాసిటీకి, ఇప్పటి ఫుల్ చార్జ్ కెపాసిటీకి తేడా సగానికి సగం ఉంటే కొత్త బ్యాటరీకి అయ్యే డబ్బు ల్యాప్‌టాప్ రేటులో తగ్గించమని అడగాలి. మూతకు, కీబోర్డుకు మెరుగులు దిద్ది కొత్తదానిలా అమ్ముతారు, పోర్టుల్లో తుప్పు చూడండి, సముద్రం దగ్గర వాడినదైతే అక్కడే బయటపడుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టొద్దు, క్రాక్ వేసినదీ వద్దు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లో లోగో పడదు, యూహెచ్‌డీ 4కే వరకు బయటికి తీయొచ్చు. అది బరువనిపిస్తే కెడెన్‌లైవ్, షాట్‌కట్ ఉన్నాయి. తక్కువ మెషీన్‌లో 4కే నత్తనడక నడిస్తే ప్రాక్సీలు చేసుకోవాలి, అంటే చిన్న సైజు నకళ్ల మీద ఎడిట్ చేసి, ఆఖర్న అసలు ఫైళ్లతో ఎక్స్‌పోర్ట్ చేయడం. పెద్ద మెషీన్లున్నవాళ్లు కూడా ఇదే చేస్తారు.

షాపుకు వాడినే పంపండి, మీరు పక్కన ఉండండి. వాడి ఫోన్‌లో తీసిన క్లిప్పులు పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్లి, మూడు లేయర్లు పేర్చి అక్కడే ప్లే చేయించమనండి. ఒప్పుకోని షాపు దాటి ఇంకో షాపు చూసుకోండి. నో కాస్ట్ ఈఎమ్ఐ అంటే ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ ఎంత పడుతుందో కాగితం మీద రాయించుకోండి. బిల్లులో సీరియల్ నంబరు ఉందో లేదో చూసుకోండి. ఆ షరతు మాత్రం షాపుకు బయల్దేరే ముందే, ఇంట్లోనే వెనక్కి తీసుకోండి.