నెట్‌వర్క్ స్విచ్ మీద ఆరెంజ్ లైటు కనిపిస్తే ఏం చెప్పాలి?

ప్రశ్న: ఈసీఈ డిప్లొమా అయ్యాక అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ (సిస్కో నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్ తీసుకున్నాను. డేటా సెంటర్ టెక్నీషియన్ ఇంటర్వ్యూలో, కంప్యూటర్లను కేబుళ్లతో కలిపే నెట్‌వర్క్ స్విచ్ గురించి ‘స్విచ్ పోర్టు మీద ఆరెంజ్ లైటు ఉంటే ఏం చేస్తావు?’ అని అడిగారు. ‘స్విచ్ పాడైంది, మార్చాలి’ అన్నాను. సెలెక్ట్ కాలేదు. అంతా క్లౌడ్‌లోకి వెళ్తుంటే ఈ లైట్ల గురించి కూడా నేర్చుకోవాలా?

జవాబు: తప్పకుండా నేర్చుకోవాలి. క్లౌడ్ కూడా ఎక్కడో ఒక డేటా సెంటర్ ర్యాకుల్లోనే నడుస్తుంది. నైట్ షిఫ్టులో ఆ ర్యాకు ముందు నిలబడాల్సింది మీరు కోరుకుంటున్న ఉద్యోగంలో ఉన్నవారే.

మిమ్మల్ని అడిగిన లైటును మీరు ప్యాకెట్ ట్రేసర్‌లో (కంప్యూటర్‌లోనే నెట్‌వర్క్ కట్టి నేర్చుకునే సాఫ్ట్‌వేర్) చాలాసార్లు చూసే ఉంటారు. కేబుల్ పెట్టగానే ఆరెంజ్, దాదాపు 30 సెకన్లకు ఆకుపచ్చ. స్పానింగ్ ట్రీ (డేటా గిరగిరా తిరిగే లూప్ రాకుండా స్విచ్ చూసుకునే పద్ధతి) 15 సెకన్లు లిజనింగ్ దశలో, మరో 15 సెకన్లు లెర్నింగ్ దశలో ఉండి, లూప్ లేదని తేలాకే పోర్టును తెరుస్తుంది. రెండు స్విచ్‌ల మధ్య రెండు కేబుళ్లు ఉంటే ఒక పోర్టు ఆరెంజ్‌లోనే ఉండిపోవచ్చు. అది జబ్బు కాదు. మొదటి దారి తెగితే పనికొచ్చే రెండో దారి అది. మీరు చెప్పినట్టు చేస్తే బాగున్న స్విచ్‌ను ఊడబీకినట్టే అవుతుంది. అందుకే వాళ్లు అక్కడ ఆగిపోయి ఉంటారని నా అభిప్రాయం.

ఇకపై ఈ ప్రశ్న వస్తే ముందు ‘ఏ లైటు? ఏ మోడ్‌లో?’ అని అడగండి. సిస్కో కంపెనీ స్విచ్ క్యాటలిస్ట్ 2960నే తీసుకుందాం. సిస్టమ్ లైటు ఆకుపచ్చగా నిలకడగా ఉంటే అంతా బాగున్నట్టు. ఆన్ చేయగానే మిణుకుమిణుకుమంటే సెల్ఫ్ టెస్ట్ జరుగుతోంది. అసలు వెలగకపోతే కరెంటు అందడం లేదు. ఆ లైటే ఆరెంజ్ అయితే మాత్రం నిజంగా టెన్షన్ పడాలి: కరెంటు వస్తోంది కానీ స్విచ్ సరిగా పనిచేయడం లేదు.

స్విచ్ ముందున్న మోడ్ బటన్ నొక్కితే అవే పోర్టు లైట్ల అర్థం మారిపోతుంది. గిగాబిట్ పోర్టు స్పీడ్ మోడ్‌లో మిణుకుమంటే 1000 ఎంబీపీఎస్, నిలకడగా ఆకుపచ్చగా ఉంటే 100. గిగాబిట్‌కు కేబుల్‌లోని నాలుగు జతల తీగలూ కావాలి, 100కు రెండు జతలు చాలు. కాబట్టి గిగాబిట్ రావాల్సిన చోట 100 వస్తే ముందుగా క్రింపింగ్‌ను (కేబుల్ చివర ప్లగ్ బిగించడం) అనుమానించండి. నాకైతే ఈ ఒక్క లైటు ఎన్నో గంటలు ఆదా చేసింది. ఆ బటన్‌ను ఎక్కువసేపు నొక్కిపట్టకండి, కాన్ఫిగరేషన్ చెరిగిపోవచ్చు. మోడల్ మారితే లైట్ల అర్థమూ మారుతుంది, దాని మాన్యువల్ చూడాల్సిందే.

నేను కొత్తగా పనిలో చేరినప్పుడు ఒక కాలేజీలో సిస్టమ్ లైటు ఆరెంజ్‌లో ఉన్న స్విచ్‌ను చూసి, కంగారులో కరెంటు తీసి మళ్లీ పెట్టాను. లైటు ఆకుపచ్చ అయింది, అందరూ సంతోషించారు. కానీ మెమరీలో ఉన్న లాగ్ మొత్తం పోయింది. వారం తర్వాత స్విచ్ మళ్లీ ఆగితే కారణం చెప్పలేక తలదించుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే పిల్లలకు ఒకటే చెబుతాను: ముందు లైట్ల ఫొటో తీయండి, తర్వాత కన్సోల్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ను స్విచ్‌కు కలిపి ‘షో లాగింగ్’, ‘షో ఎన్వ్ ఆల్’, ‘షో ఇంటర్‌ఫేసెస్ స్టేటస్’ కమాండ్లు ఇచ్చి, వచ్చింది చూసి సేవ్ చేసుకోండి. రీస్టార్ట్ సంగతి ఆ తర్వాతే.

వీలైతే సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో ఒక సెకండ్ హ్యాండ్ 2960, కన్సోల్ కేబుల్ వెతకండి. ఒక కేబుల్‌ను కావాలనే తప్పుగా క్రింప్ చేసి పెట్టి, రెండు పోర్టులను ఒకే కేబుల్‌తో కలిపి, ఏ లైటు ఎలా మారిందో నోట్‌బుక్‌లో రాసుకోండి. వచ్చే ఇంటర్వ్యూకి ఆ నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి.