చెన్నైలో పెరిగిన అమ్మాయికి మొదట ఏ తెలుగు పుస్తకం ఇవ్వాలి?

మీ అమ్మాయికి పదహారేళ్లనీ, చెన్నైలోనే పెరగడం వల్ల తెలుగు కూడబలుక్కుంటూ చదువుతుందనీ, ఏ పుస్తకంతో మొదలుపెట్టించాలనీ అడిగారు. పెరంబూరులో మా అపార్ట్‌మెంటు కింది గదిలో మూడు బీరువాల తెలుగు పుస్తకాలున్నాయి. ఆరేళ్లుగా ఆదివారాలు ఆ గది తాళం తీసేది నేనే.

తిరిగొచ్చిన పుస్తకాల్లో తరచూ ఒక బస్సు టికెట్టు మిగిలిపోతుంది. అది ఏ పేజీలో ఉందో చూస్తే చదువు ఎక్కడ ఆగిందో తెలిసిపోతుంది. కొత్తలో ఉత్సాహం కొద్దీ ఒక కాలేజీ కుర్రాడికి విశ్వనాథ సత్యనారాయణగారి లావుపాటి నవల ‘వేయిపడగలు’ అంటగట్టాను. నాలుగు నెలల తర్వాత తెచ్చి, చాలా బాగుందండీ అన్నాడు. టికెట్టు ఇరవై రెండో పేజీలో ఉంది! తప్పు అతనిది కాదు, విశ్వనాథవారిది అసలే కాదు.

అందుకే ముందు సత్యం శంకరమంచి ‘అమరావతి కథలు’ ఇవ్వండి. నూరు కథలు, బాపు బొమ్మలు. చాలావరకు నాలుగైదు పేజీల్లో అయిపోతాయి కాబట్టి ఎంత నిదానంగా చదివినా నిద్రపోయేలోగా ఒక కథ పూర్తవుతుంది. వరుసగా చదవాల్సిన పనీ లేదు. మా దగ్గర రెండుసార్లు బైండింగు చేయించాల్సి వచ్చిన పుస్తకం ఇదొక్కటే.

మీది నెల్లూరు వైపైతే (మా వీధిలో సగం మంది అటువారే) తర్వాత ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కథలు’. ఒక ముస్లిం కుర్రాడి చిన్ననాటి కబుర్లు, అచ్చంగా ఆ జిల్లా యాసలో. కళ్లతో చదివితే పిల్లలు తడబడతారు, పైకి చదివితే ఇట్టే అర్థమవుతుంది. మా రిజిస్టరులో ఒకే అమ్మాయి పేరు మీద ఇది మూడుసార్లు కనిపిస్తే ఆరా తీశాను. తను చదువుతుంటే అమ్మమ్మ వింటోందట. వినడమే కాదు, ఉచ్చారణ దిద్దుతోందట కూడా.

నవ్వుకోవడానికి మొక్కపాటి నరసింహశాస్త్రి నవల ‘బారిష్టర్ పార్వతీశం’. 1924 నాటి మొదటి భాగం చాలు, మిగతా రెండూ నాకంత రుచించలేదు. మొగల్తూరు నుంచి లండను బయలుదేరిన పార్వతీశం మహానుభావుడు మన మద్రాసు మీదుగానే వెళ్లాడు.

చివరిది మీకోసం, అమ్మాయికి కాదు: ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా, అంటే మాటలు అనువదించే ఉద్యోగిగా పనిచేసిన ఆయన 1830 మే 18న పరివారంతో బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. తొలి రాత్రి మజిలీ తండయారువేడులోని సొంత తోట, అంటే మనం రోజూ బస్సులో దాటిపోయే తండయార్‌పేట. దారి పొడవునా బసలు, వాగులు, ఏ ఊళ్లో ఏ సరుకు దొరుకుతుందో అన్నీ రాసుకుంటూ పోతారు. భాష పాతది, ఓపిక కావాలి. మొదలుపెట్టి రెండేళ్లయింది, నా బస్సు టికెట్టు ఇంకా నాగపూరు దగ్గరే ఉంది.