30 వేలకే ఐ7 గేమింగ్ పీసీ అంటున్నారు, కొనొచ్చా?

మీ తమ్ముడికి బీటెక్ పనులకూ, వాలొరాంట్, జీటీఏ 5 ఆడుకోవడానికీ రెడీమేడ్ గేమింగ్ పీసీ కావాలన్నారు. మానిటర్‌తో కలిపి 80 వేలు పెట్టగలమన్నారు. ఆన్‌లైన్‌లో ‘ఐ7, 16 జీబీ ర్యామ్, 8 జీబీ గ్రాఫిక్స్’ అని 30 వేలకే కనిపిస్తుంటే అంత ఎందుకు పెట్టాలన్నది మీ ప్రశ్న.

ఆ 30 వేలది మాత్రం కొనకండి. ప్రకటనలో రాసినవన్నీ నిజమే కావచ్చు. చూడాల్సింది రాయకుండా వదిలేసినవి. ఐ7 అన్నది ఇంటెల్ ప్రాసెసర్ల వరస పేరు, ఏ జనరేషనో (ఎప్పటి తరందో) చెప్పలేదు. ఆ ధరలో వచ్చేది ఎక్కువగా ఐ7-3770 లాంటిది, 2012లో వచ్చిన ప్రాసెసర్. దానికీ, 2022 నాటి ఐ3-12100ఎఫ్‌కీ 4 కోర్లే (లెక్కలు చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనులు). అయినా గేముల్లో ఈ ఐ3 ఆ ఐ7ను సులువుగా దాటిపోతుంది. పైగా ఇంటెల్‌లో 8వ జనరేషన్ కంటే పాతవాటికి విండోస్ 11 అధికారికంగా లేదు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 మీద వాలొరాంట్ ఆడాలంటే టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్), సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే పీసీని మొదలుపెట్టే సెట్టింగు) రెండూ ఆన్‌లో ఉండాలి. అంత పాత మదర్‌బోర్డుల్లో టీపీఎం 2.0 సాధారణంగా ఉండదు. ఏ ఆట కోసం అడుగుతున్నాడో ఆ ఆటే తెరుచుకోకపోవచ్చు.

‘8 జీబీ గ్రాఫిక్స్’ సంగతీ అంతే. ఆ ధరలో అది తరచూ ఆర్‌ఎక్స్ 580 అవుతుంది, 2017 నాటి కార్డు. అందులోనూ 2048ఎస్‌పీ అని ఒక తక్కువ రకం ఉంది. అసలు కార్డుకు 2304 షేడర్లు (బొమ్మలు గీసే చిన్న కోర్లు) ఉంటే దీనికి 2048. క్రిప్టో మైనింగ్‌లో రాత్రింబవళ్లు తిరిగి వచ్చిన కార్డులు కూడా వీటిలో కలుస్తుంటాయి. కొత్తవాటిలోనూ పేరు చూసి ఆగిపోకూడదు. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరు మీదే 8 జీబీది, 6 జీబీది రెండూ ఉన్నాయి. 6 జీబీ దాంట్లో మెమరీతో పాటు కోర్లు 2560 నుంచి 2304కి, మెమరీ బస్సు (మెమరీకి వెళ్లే దారి వెడల్పు) 128 బిట్ల నుంచి 96 బిట్లకి తగ్గాయి. షాపువాళ్లు రెంటినీ ‘3050’ అనే అంటారు, అడిగితేనే చెప్తారు.

మా అక్కావాళ్లు ఖమ్మంలో ఉంటారు. మేనల్లుడికి సిస్టమ్ కొనే పని నా మీద పెట్టారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ షాపుల సముదాయానికి వెళ్లి కొటేషన్లు అడిగితే చాలాచోట్ల ‘ర్యామ్ 16, ఎస్‌ఎస్‌డీ 512, ఎస్‌ఎంపీఎస్ 500 వాట్స్, ఆర్‌జీబీ క్యాబినెట్’ అని రాసిచ్చారు. ఎస్‌ఎస్‌డీ అంటే ఫైళ్లుండే డ్రైవ్, ఎస్‌ఎంపీఎస్ అంటే పార్టులకు కరెంటు అందించే పవర్ సప్లై. వేటికీ కంపెనీ లేదు, మోడల్ లేదు. ప్రతి పార్టుకూ రెండూ రాసివ్వండి, బిల్లులో సీరియల్ నంబర్లు కూడా వేయండి అన్నాను. అలా అనగానే కొందరి రేటు అక్కడికక్కడే మారింది. ఒకాయన మాత్రం కూర్చోబెట్టి ఓపిగ్గా అన్నీ రాసిచ్చాడు. ఆయన దగ్గరే తీసుకున్నాం, రేటు అందరికంటే కొంచెం ఎక్కువే అయినా.

మొదట పట్టుబట్టాల్సింది ఎస్‌ఎంపీఎస్ గురించి. మా ఆఫీసులో ఒకతను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న పీసీ బ్రౌజింగ్‌కి బాగానే ఉండేది, పెద్ద గేమ్ పెట్టగానే టప్పున ఆగిపోయేది. గ్రాఫిక్స్ కార్డు అనుమానంతో సర్వీసుకు పంపితే కార్డు బాగానే ఉందని తిప్పి పంపారు. చివరికి తేలింది ఏమిటంటే, లోపల ఊరూపేరూ లేని ఎస్‌ఎంపీఎస్. స్టిక్కర్ మీద మాత్రం 500 వాట్స్ అని ఉంది. ఆ స్టిక్కర్‌లోనే 12 వోల్టుల గడి ఉంటుంది, అందులోని ఆంప్స్‌ని 12తో గుణించి చూడండి. పేరున్న 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్‌కి అది 500 దాటుతుంది. నాసిరకం వాటిలో 300 కూడా రాకపోవచ్చు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ ఆ 12 వోల్టుల మీదే నడుస్తాయి. 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నదే అడగండి. అది కరెంటు వృథా గురించి మాత్రమే చెప్పే ముద్ర, కాబట్టి కంపెనీ, వారంటీ కూడా చూడాలి.

ర్యామ్ 16 జీబీ అంటే రెండు 8 జీబీ స్టిక్కులు వేయించండి. ఒకే 16 వేస్తే సింగిల్ చానెల్‌లో (ఒకే దారిలో) నడిచి కొన్ని గేముల్లో ఫ్రేములు (సెకనుకు కనిపించే బొమ్మలు) బాగా పడిపోతాయి. ఏఐ సర్వర్లకు మెమరీ తరలిపోవడంతో 2025 చివర్లో ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి, అందుకే షాపులు ఇక్కడ కోత పెట్టడం ఇప్పుడు ఎక్కువైంది.

మీ బడ్జెట్‌కి ఐ5-12400ఎఫ్ గానీ రైజెన్ 5 5600 గానీ ప్రాసెసర్, దానితో ఆర్‌టీఎక్స్ 4060 లేదా 5060 కార్డు, 512 జీబీ ఎన్‌వీఎంఈ (వేగమైన రకం) ఎస్‌ఎస్‌డీ అడిగి చూడండి. రేట్లు రోజుకోలా ఉన్నాయి, కాస్త అటూ ఇటూ అవుతుంది. క్యాబినెట్ లైట్ల మీద ఖర్చు తగ్గించి ముందువైపు జాలీ ఉన్నది తీసుకోండి, మన ఎండాకాలానికి గాలి ఆడాలి.

పెద్ద బ్రాండ్ల రెడీమేడ్ డెస్క్‌టాప్ కూడా ఆలోచించొచ్చు. జిల్లాల్లో ఉన్నవాళ్లకు ఇంటికొచ్చి చేసే సర్వీసు పెద్ద సుఖం. కాకపోతే వాటిలో కొన్నింటికి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ ఆ కంపెనీ సొంత ఆకారంలో ఉంటాయి, రేపు కార్డు మార్చాలంటే బయటి పార్టులు పట్టవు. నేనైతే మామూలు ఏటీఎక్స్ (అన్ని కంపెనీలకూ ఒకే కొలతలుండే) పార్టులతో షాపులో బిగించిందే కొంటాను.

డబ్బు పూర్తిగా కట్టకముందే షాపులో ఆన్ చేయించి జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌తో కార్డు అసలు ఏదో, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోతో ఎస్‌ఎస్‌డీ ఎన్ని గంటలు వాడిందో చూడండి. కొత్తదానికి వందల గంటలు ఉండవు. ర్యామ్‌కి బయోస్‌లో (పీసీ మూల సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేయమనండి, అప్పుడే ర్యామ్ దాని పూర్తి వేగంతో నడుస్తుంది, చాలామంది వదిలేస్తారు. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోవద్దు. 18 శాతం జీఎస్టీ మిగిలిందనిపిస్తుంది కానీ కార్డు పాడైన రోజు వారంటీకి ఆ బిల్లే అడుగుతారు. పార్టుల డబ్బాలు కూడా తెచ్చుకోండి.

ఊరికి తెచ్చేటప్పుడు గ్రాఫిక్స్ కార్డు విప్పించి దాని డబ్బాలోనే విడిగా తేండి, కుదుపులకు ఆ బరువుతో స్లాటు దెబ్బతింటుంది. ఇంట్లో తిరిగి బిగించాక మానిటర్ కేబుల్‌ని బోర్డుకు కాకుండా కార్డుకే పెట్టాలి. కరెంటు పోతుంటుందన్నారు కాబట్టి యూపీఎస్ కూడా లెక్కలో వేసుకోండి. మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే ఇస్తుంది, ఆట మధ్యలో మానిటర్‌తో కలిపి దానికి బొటాబొటీ. 1000 వీఏది తీసుకుంటే ఆట ఆపి, సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసేంత వ్యవధి దొరుకుతుంది.