ప్లాస్టిక్ గడ్డి పొడి రాలుతోందా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్లాస్టిక్ గడ్డి గురించే. వాటిలో ఐదింటికి జవాబులు ఇవి.

ప్రశ్న: మా ఫ్లాట్ బాల్కనీ 12 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. నాలుగేళ్ల కిందట ప్లాస్టిక్ గడ్డి వేయించాం. ఇప్పుడు ఊడిస్తే చేటలోకి పచ్చటి పొడి వస్తోంది. పైపు పెట్టి కడిగితే బాగానే కనిపిస్తోంది. ఇంకొన్నాళ్లు ఉంచవచ్చా?
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందు ఆ కడగడం ఆపేయండి. చేటలోకి వస్తున్నది దుమ్ము కాదు, గడ్డిపోచే. పోచలను ఎక్కువగా పాలీఇథిలీన్‌తో చేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఆ ప్లాస్టిక్‌ను పెళుసుగా మారుస్తాయి. అలా కాకుండా తయారీలోనే ఆ కిరణాలను తట్టుకునే యూవీ స్టెబిలైజర్ కలుపుతారు గానీ, అది కొన్నేళ్లలో అయిపోతుంది. ఆ తర్వాత పోచ వంగదు, తునుగుతుంది. పడమటెండ తగిలే బాల్కనీల్లో ఈ గతి తొందరగా పడుతుంది. ఎదురుగా అద్దాల భవనం ఉంటే, ఆ అద్దాల నుంచి తిరిగి పడే ఎండకు పోచలు కరిగి అట్టకట్టడం కూడా ఉంది.

మీ గడ్డి ఏ స్థితిలో ఉందో ఇలా చూడండి. తడిపి పిండిన తెల్లగుడ్డతో ఎండ బాగా పడే మూల నాలుగుసార్లు గట్టిగా రుద్దండి. గుడ్డకు ఆకుపచ్చ అంటితే పోచలు పొడి కావడం మొదలైనట్టే. ఒక కుచ్చు పట్టుకుని మడిచి నలిపితే ముక్కలు చేతిలోకి వస్తే ఇక ఉంచకండి, తీసేయండి.

కడగవద్దన్నది ఎందుకంటే, చాలా అపార్ట్‌మెంట్లలో బాల్కనీ నీళ్లు డ్రైనేజీలోకి కాక వాననీటి గొట్టంలోకి పోతాయి. అక్కడి నుంచి నాలా, నాలా నుంచి చెరువు. మధ్యలో శుద్ధి ఏమీ లేదు. 5 మిల్లీమీటర్ల కంటే చిన్న ముక్కలనే మైక్రోప్లాస్టిక్ అంటారు. మీ చేటలో ఉన్నది చాలావరకు అదే.

తీసేటప్పుడు గాలి లేని ఉదయం పూట మొదలుపెట్టండి. మూతికి మాస్క్ కట్టుకోండి. నీళ్లు పోయే రంధ్రంలో పాత నూలు చీర ముక్కను ఉండచుట్టి బిగించండి. గడ్డి మీద నీళ్లు చిలకరించి తడిపితే పొడి లేవదు. ఒక అంచు ఎత్తి వెనక వైపు నుంచి కట్టర్‌తో రెండడుగుల పట్టీలుగా కోయండి. పోచల వైపు నుంచి కోస్తే తెగినవన్నీ రాలతాయి. పోచలు లోపలికి వచ్చేలా చాపలా చుట్టి, తాడు కట్టి, పాత దుప్పట్లో మూట కట్టండి. నేలను చీపురుతో కాకుండా తడిగుడ్డతో తుడవండి. ఆ గుడ్డను బకెట్లో జాడించి నీళ్లు మోరీలో పోస్తే చేసిందంతా వృథా, గుడ్డను కూడా మూటలోనే వేసేయండి. పోచ ఎత్తు 35 మిల్లీమీటర్లున్న రకమైతే ఈ కొలతకు మొత్తం పది పన్నెండు కిలోలు తూగుతుంది. పొడిచెత్తగా ఇవ్వండి.

కింద జిగురు వేసి అతికించి ఉంటే టైల్స్ సందులు కూడా చూసుకోండి. నీళ్లు నిలిచి, కింది ఫ్లాట్ వాళ్ల సీలింగ్‌కు చెమ్మ దిగడం మామూలే.

ప్రశ్న: మాది పెళ్లి డెకరేషన్ పని. పాడైన గ్రాస్ మ్యాట్లు, ప్లాస్టిక్ ఆకుల గోడలు గుట్టపడ్డాయి. పాతసామాన్ల వాళ్లు తీసుకోవడం లేదు. ఊరి బయట కాల్చేయవచ్చా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వద్దు. ఆ ఆకుల్లో కొన్ని పీవీసీ అనే ప్లాస్టిక్‌వి. ఆరుబయట మంటలో పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్లు అనే విషపదార్థాలు వస్తాయి. పైగా 2016 డిసెంబరులో జాతీయ హరిత ట్రైబ్యునల్ చెత్తను ఆరుబయట కాల్చడాన్ని దేశమంతటా నిషేధించింది. మామూలుగా కాలిస్తే 5,000 రూపాయలు, పెద్దయెత్తున కాలిస్తే 25,000 జరిమానా. మున్సిపాలిటీ పొడిచెత్త కేంద్రంలో అడిగి, పీవీసీ ఆకులను వేరుగా ఇచ్చి, మిగతావాటిని సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలకు ఇంధనంగా పంపే వ్యర్థాల్లో కలపమనండి. గడ్డిలో ఇసుక ఉంటే దులిపి ఇవ్వాలి.

ప్రశ్న: మా స్కూల్లో పిల్లలు ఆడుకునే చోట, 40 x 60 అడుగుల మేర, టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి) వేయిస్తామంటున్నారు. నల్ల రబ్బరు గుళికలు పోస్తే మెత్తగా ఉంటుందట. పేరెంట్స్ మీటింగ్‌లో ఏం అడగాలి?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మొదటి ప్రశ్న వేడి గురించి. పచ్చిగడ్డి నీటిని ఆవిరి చేస్తూ తనను తాను చల్లబరుచుకుంటుంది. ప్లాస్టిక్‌కు ఆ వీలు లేదు. మన మే నెల మధ్యాహ్నం దాని ఉపరితలం 60 డిగ్రీలు సులువుగా దాటుతుంది. నల్ల గుళికలుంటే ఇంకా ఎక్కువ. నీళ్లు చల్లితే దిగుతుంది కానీ ఆ చల్లదనం అరగంట కూడా నిలవదు. చేతి వెనక భాగాన్ని దాని మీద ఐదు సెకన్లు ఆనించలేకపోతే పిల్లలను అందులోకి దింపకూడదు.

రెండోది ఆ గుళికలు. ఇవి చాలావరకు పాత టైర్లను నూరి చేసినవి. పూర్తి కొలతల ఫుట్‌బాల్ మైదానానికి 100 టన్నులకు పైగా పోస్తారు. అవి పోసినచోట ఉండవు. బూట్లలో, సాక్సుల్లో, వాననీటిలో బయటికి పోతూనే ఉంటాయి, అందుకే ఏటా మళ్లీ పోయాలి. యూరోపియన్ యూనియన్ 2023లో తెచ్చిన నిబంధన ప్రకారం 2031 అక్టోబరు తర్వాత అక్కడ ఇలాంటి గుళికలను అమ్మకూడదు. టైర్లలో వాడే 6పీపీడీ అనే రసాయనం ఓజోన్‌తో కలిస్తే పుట్టే పదార్థమే అమెరికా పడమటి తీరపు వాగుల్లో కోహో సాల్మన్ చేపలను చంపుతోందని 2020లో తేలింది. మన చెరువుల చేపలకూ అంతే అని దీన్నిబట్టి చెప్పలేం. కానీ టైరు పొడిని నిరపాయకరమైన సరుకుగా అమ్మడం మాత్రం కుదరదు.

పచ్చిక వేయమని అడగకండి. రోజూ వందల మంది తొక్కే చోట గరిక కూడా బతకదు. ఉయ్యాలలు, జారుడుబల్లల కింద అడుగు లోతున కడిగిన ఇసుక పోయించమనండి. మిగతాది మట్టినేలగానే ఉంచి, పడమటి వైపు వేప, కానుగ నాటమనండి. ఇసుక గట్టిపడితే మెత్తదనం పోతుంది, కాబట్టి వారానికోసారి పారతో తిరగవేయాలి. రాత్రి పూట కుక్కలు, పిల్లులు రాకుండా పట్టా కప్పాలి.

ప్రశ్న: షాపువాళ్లు ‘ఎకో ఫ్రెండ్లీ, వంద శాతం రీసైకిల్ అవుతుంది, నీళ్లు ఆదా’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: నీళ్ల మాట సగం నిజం. పెంచడానికి అక్కర్లేదు, కడగడానికీ చల్లార్చడానికీ కావాలి. కుక్క ఉన్న ఇంట్లో అయితే వాసన పోవడానికి రోజూ కడగాల్సిందే. రీసైక్లింగ్ మాట వేరు. పోచ పాలీఇథిలీన్, అడుగు గుడ్డ పాలీప్రొపిలీన్, రెంటినీ పట్టి ఉంచేది లేటెక్స్ లేదా పాలీయూరిథేన్ జిగురు. వీటిని విడదీయడానికి అయ్యే ఖర్చు, వచ్చే ప్లాస్టిక్ ధర కంటే ఎక్కువ. తణుకు పాఠకుడి దగ్గర పాతసామాన్ల వాళ్లు తీసుకోకపోవడానికి కారణం ఇదే. ‘పాడయ్యాక మేమే వెనక్కి తీసుకుంటాం’ అని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. పెడితే అప్పుడు మాట్లాడదాం. సీసం లేదన్న ల్యాబ్ రిపోర్టు కూడా అడగండి. 2008లో అమెరికాలోని న్యూజెర్సీలో కొన్ని నైలాన్ టర్ఫ్ మైదానాల్లో రంగు వల్ల సీసం బయటపడి వాటిని మూసేశారు.

ప్రశ్న: మేడ మీద ప్లాస్టిక్ తీసేసి నిజమైన గరిక పెంచాలని ఉంది. ఎలా?
– ఒక గృహిణి, గుంటూరు

జవాబు: బరువుతో మొదలుపెట్టండి. మనుషులు తిరిగే మేడకు ఐఎస్ 875 అనే భవన భారాల భారత ప్రమాణం లెక్కలో తీసుకునే భారం చదరపు మీటరుకు దాదాపు 150 కిలోలు. ఆరంగుళాల తడిమట్టి ఒక్కటే 250 కిలోలు దాటుతుంది. అందుకని మేడంతా మట్టి పరవకండి. మూడంగుళాల లోతు ట్రేలలో సగం కొబ్బరిపొట్టు, పావు వర్మికంపోస్టు, పావు ఎర్రమట్టి నింపి, గోడల వెంబడి, బీముల మీదుగా పెట్టుకోండి. ట్రే కింద రెండు ఇటుక ముక్కలు ఉంటే నీళ్లు నిలవవు. పాత ఇల్లయితే ఇంజినీరుకు చూపించండి.

గరికకు ఆరు గంటల ఎండ కావాలి, నీడలో పాలిపోయి చస్తుంది. మూడు కణుపులున్న తుంపులను నాలుగంగుళాల ఎడంగా, రెండు కణుపులు మట్టిలో ఉండేలా గుచ్చండి. జూన్, జూలైలలో నాటితే ఆరు నుంచి ఎనిమిది వారాల్లో కప్పేస్తుంది. కడియం నర్సరీల నుంచి లాన్ షీట్లు తెచ్చుకుంటే ఇంకా త్వరగా అవుతుంది గానీ, వేసే ముందు తిరగేసి వేళ్ల వైపు చూడండి. నల్లటి చిన్న గడ్డలు కనిపిస్తే అది తుంగ. పైన పీకితే గడ్డ లోపలే ఉండి వారంలో మళ్లీ లేస్తుంది. పుల్లతో మట్టి వదులు చేసి గడ్డతో సహా తీసేశాకే పరవండి.