పంచ్‌ల మీద పూత వేయించే ముందు

విజయనగరం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సిరిమాను పండగకి వచ్చినప్పుడు ఆ జనంలో, పంచ్‌ల మీద ఏ పూత వేయించాలన్న నీ ప్రశ్నకి తీరిగ్గా జవాబు చెప్పడం కుదరలేదు. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో షెడ్డు పెట్టి, మాత్రలు ఒత్తే పంచ్‌లు, డైలు చేసి రణస్థలం వైపు మందుల కంపెనీలకి ఇవ్వాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. అందుకే వివరంగా రాస్తున్నాను.

కోటింగ్ వాళ్ల దగ్గరికెళ్లి "టైటానియం నైట్రైడ్ వేయండి" అని ఊరుకోకు. అది పనిముట్ల మీద వేసే గట్టి పూత, కానీ ఏ పద్ధతిలో వేస్తారో అడుగు. పూత పేరు ఒకటే అయినా పద్ధతిని బట్టి గుణం మారిపోతుంది.

సీవీడీలో, అంటే రసాయన ఆవిరితో పూత వేసే పద్ధతిలో, టైటానియం క్లోరైడ్ ఆవిరి, నైట్రోజన్, హైడ్రోజన్ కలిసి పనిముట్టు మీదే పూతగా మారతాయి. పట్టు గట్టిది, మూలమూలకీ అందుతుంది. కానీ వేడి దాదాపు 1000 డిగ్రీలు. కార్బైడ్ (టంగ్‌స్టన్, కార్బన్ కలిసిన చాలా గట్టి పదార్థం) ఓర్చుకుంటుంది గానీ నీ టూల్ స్టీల్ ఓర్చుకోదు, గట్టిదనం పోతుంది. మళ్లీ హార్డెనింగ్ (వేడి చేసి చల్లార్చి గట్టిపరచడం) చేయిస్తే సైజు కదులుతుంది. కాబట్టి అది వదిలెయ్.

నీకు పనికొచ్చేది పీవీడీ, అంటే లోహాన్నే ఆవిరి చేసి పూతగా పడేలా చేసే పద్ధతి. వాక్యూమ్‌లో జరుగుతుంది, వేడి మామూలుగా 200 నుంచి 500 డిగ్రీల లోపే. అయినా నీ స్టీల్‌ని ఎంత వేడి దగ్గర టెంపర్ చేశారో (గట్టిపరిచాక పెళుసు తగ్గేలా మళ్లీ వేడి చేయడం) ముందే చెప్పు. డీ2 అనే టూల్ స్టీల్‌ని 200 దగ్గర టెంపర్ చేయించి 450లో పూత వేయిస్తే, పైన పూత గట్టిగానే ఉంటుంది, లోపల స్టీల్ మెత్తబడి ఉంటుంది. వాడకంలో దొరికిపోతావు.

పీవీడీలో ఆర్క్ (విద్యుత్ మెరుపుతో లోహాన్ని ఆవిరి చేయడం) అని ఒకటి, స్పట్టరింగ్ (అయాన్లతో కొట్టి లోహపు పరమాణువుల్ని రాల్చడం) అని ఒకటి. ఆర్క్‌లో లోహపు ఆవిరి చాలావరకు అయాన్లుగా, అంటే విద్యుదావేశం ఉన్న కణాలుగా వస్తుంది కనుక పూత దిట్టంగా, పట్టుగా కూర్చుంటుంది. దాంతోపాటే కరిగిన లోహం చుక్కలూ పడతాయి. భూతద్దం పెట్టి చూడు, పంచ్ నున్నటి మొహం (మాత్రని ఒత్తే కొస) మీద గరుకు గింజలు కనిపిస్తాయి. అవి రాలితే గుంటలు మిగులుతాయి, మందు పొడి అక్కడే అంటుకుంటుంది. డ్రిల్లు బిట్టుకి ఇదేమంత బాధ కాదు, పంచ్ మొహానికి మాత్రం పెద్ద బాధే. స్పట్టరింగ్ పూత నునుపు, కానీ అయాన్లు తక్కువ కాబట్టి పట్టు విషయం గట్టిగా అడగాలి. ఆర్క్ వేయిస్తే పూత తర్వాత పాలిష్ చేయించు.

పూత వేసేటప్పుడు జాబ్‌కి (పూత పడే పనిముట్టుకి) ఇచ్చే నెగెటివ్ వోల్టేజ్ పెంచితే పూత దట్టమవుతుంది, లోపల నొక్కుడు ఒత్తిడీ పెరుగుతుంది. మితిమీరితే పదునైన అంచుల దగ్గర పెచ్చులు లేస్తాయి. ఇంకొకటి, పీవీడీ పూత ఎదురుగా ఉన్న చోటే బాగా పడుతుంది. నీడలో పెట్టిన వడియాల్లా డై రంధ్రం లోపలి భాగం వెనకబడిపోతుంది.

పొడి అంటుకునే మందులకి క్రోమియం నైట్రైడ్ అడుగు. గట్టిదనం కాస్త తక్కువైనా పూత లోపలి ఒత్తిడి తక్కువ, తుప్పుకి బాగా ఆగుతుంది. ఒక సెట్ మీద చూశాకే మిగతావి ఇవ్వు.

ప్రతి బ్యాచ్‌తో అదే స్టీల్ ముక్కొకటి పెట్టించు. దాని మీద రాక్‌వెల్ (గట్టిదనం కొలిచే యంత్రం) మొన దిగేసి గుంట చుట్టూ మైక్రోస్కోప్‌లో చూడు. సన్నటి గీతలైతే పర్వాలేదు, పెచ్చు లేస్తే ఆ బ్యాచ్ వెనక్కి పంపెయ్.