రిమెంబర్ ద టైటన్స్ సినిమా మీద అసైన్‌మెంట్: "విశ్లేషణ లేదు" అని పేపర్ వెనక్కి వస్తే

బహుశా కారణం ఇదే: హెడ్ కోచ్ బూన్‌ది నియంత నాయకత్వ శైలి, అతని సహాయ కోచ్ యోస్ట్‌ది మెతక శైలి అని పేర్లు పెట్టి ఆగిపోయారు. ఆ శైలుల వల్ల ఆటగాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడే తీరు ఎలా మారిందో రాయలేదు.

1. నేపథ్యం ఒక్క వాక్యం చాలు: 1971, వర్జీనియాలోని అలెగ్జాండ్రియా, నల్ల, తెల్ల విద్యార్థులు కలిసి ఆడాల్సిన హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు.

2. బూన్ నిబంధన తీసుకోండి. వేరే జాతి సహచరుల గురించి తెలుసుకునేదాకా రోజుకు మూడు ప్రాక్టీసులు. ఆజ్ఞే, కానీ మాట్లాడుకోమనే ఆజ్ఞ.

3. చాలామంది వదిలేసేది ఇక్కడే. గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో బూన్ చేసే ప్రసంగం మీద పేజీలు రాస్తారు, శిక్షణ క్యాంపులో తెల్ల కెప్టెన్ గెర్రీ, నల్ల ఆటగాడు జూలియస్‌ల గొడవను దాటేస్తారు. దాన్ని మాట మాటగా చూడండి.
- జూలియస్ తన కోసమే ఆడుతున్నాడని గెర్రీ నిందిస్తాడు.
- తెల్ల ఆటగాళ్లు నల్ల ఆటగాడు రెవ్‌కు సరిగా బ్లాక్ చేయడం (ప్రత్యర్థులను అడ్డుకోవడం) లేదు, కెప్టెన్‌గా నువ్వేం చేశావని జూలియస్ నిలదీస్తాడు.
- ఆ తర్వాత ప్రాక్టీసులో గెర్రీ తన తెల్ల స్నేహితుడైన రే అనే ఆటగాడినే గట్టిగా మందలిస్తాడు.

నాయకత్వం కోచ్ చేతిలోంచి ఆటగాడికి చేరింది అక్కడే. నా దృష్టిలో సినిమాకు ఇదే గుండెకాయ. మీ పేపర్‌లో సగం దీనికే ఇవ్వండి.

4. యోస్ట్‌ను "మెతక" అని కొట్టేయకండి. బూన్ చేత తిట్లు తిన్న నల్ల ఆటగాడు పీటీని ఆయన ఓదారుస్తాడు. అలా వెనకేసుకురావడం పిల్లాడికి మేలు కాదంటాడు బూన్. ఇద్దరు నాయకుల మధ్య సంఘర్షణకు ఈ ఒక్క ఉదాహరణ సరిపోతుంది.